క్యాలిబ్రేషన్ అంకెలు ఎక్కడ ఉండాలి: లోడ్‌సెల్ దగ్గరా, బోర్డులోనా?

కాటామరమ్మతు:
ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేయడం నా పని. బోర్డు కాలిపోయి వచ్చే కాటాల్లో చాలాసార్లు లోడ్‌సెల్ (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సార్) చెక్కుచెదరకుండా ఉంటుంది. అయినా క్యాలిబ్రేషన్ అంకెలు, అంటే సున్నా (ఖాళీ కాటా రీడింగు), స్పాన్ (రీడింగును బరువుగా మార్చే అంకె), బోర్డుతోపాటే పోతాయి. మళ్ళీ తూకపు రాళ్ళు మోసుకెళ్ళి మొదటి నుంచి సరిచేయాలి. అంతా కలిపితే ఆ సమాచారం ముప్పై బైట్లు కూడా ఉండదు! 256 బైట్ల 24సి02 మెమరీ చిప్‌ను సెల్ పక్కనే అతికిస్తే, సెల్ ఎక్కడికి వెళితే దాని జాతకం అక్కడికి వెళుతుంది. బాష్ వారి బీఎంపీ180 పీడన సెన్సార్ పద్ధతీ ఇదే. కర్మాగారంలో రాసిన 11 గుణకాలు దాని లోపలే ఉంటాయి, మనం ఐటూసీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల పద్ధతి) మీద చదువుకుంటాం.

బోర్డుపక్షం:
అక్కడ మెమరీ, సెన్సార్ ఒకే గూటిలో ఉన్నాయి. మీ సెల్ నుంచి బోర్డుకు రెండు మీటర్ల కేబుల్. ఐటూసీ పుట్టిందే ఒకే పరికరంలోని చిప్‌ల కోసం. మామూలు వేగాల్లో లైను కెపాసిటెన్స్ (తీగ పొడవుతో పెరిగే, సిగ్నల్‌ను మందగింపజేసే గుణం) 400 పికోఫారడ్లు మించకూడదు. పక్కన మోటారు తిరుగుతుంటే ఒక్క బిట్ తప్పు చదివినా చాలు, కాటా ధీమాగా తప్పుడు తూకం చూపిస్తుంది.

రాయడంలోనూ దెబ్బ తిన్నాను. నేను వాడిన 24సి02లో పేజీ (ఒక్క విడతలో రాయగల భాగం) 8 బైట్లు. పేజీ మొదటి నుంచి 12 బైట్లు ఒకేసారి పంపితే, చివరి 4 బైట్లు తర్వాతి పేజీకి పోకుండా వెనక్కి తిరిగి మొదటి 4 బైట్ల మీదే పడ్డాయి. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. బోర్డు మీది మైక్రోకంట్రోలర్ సొంత మెమరీ అయిన ఫ్లాష్‌లో రాసుకుంటే ఈ తీగల బెడద ఉండదు.

కాటామరమ్మతు:
కేబుల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. చిప్‌ను సెల్ వైపు కాకుండా, బోర్డులో గుచ్చే ప్లగ్గులోనే పెడతాను. అప్పుడు తీగ రెండు అంగుళాలు. కరెంటు వచ్చినప్పుడు ఒక్కసారి చదివితే చాలు. రికార్డు రెండు ప్రతులు, ఒక్కోదానికీ సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే తనిఖీ అంకె). రెండూ కుదరకపోతే కాటా తూకం చూపనే కూడదు. రాయడం అయ్యాక చిప్‌లో మళ్ళీ రాయకుండా ఆపే రైట్ ప్రొటెక్ట్ కాలును సరఫరా వోల్టేజీకి కలిపేస్తాను.

మిల్లీవోల్టు:
ఇద్దరూ అసలు ప్రశ్నను దాటిపోతున్నారు. మీరు దాచే స్పాన్ ఎవరిది? సెల్ 2 మిల్లీవోల్ట్/వోల్ట్ రకమైతే, 5 వోల్టుల సరఫరా మీద పూర్తి బరువుకు 10 మిల్లీవోల్టులే ఇస్తుంది. దాన్ని పెంచే, బోర్డు మీది యాంప్లిఫయర్ గెయిన్‌లోని (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకెలోని) తేడా కూడా మీ అంకెలో కలిసిపోయింది. బోర్డు మార్చగానే ఆ అంకె పాతబోర్డుదే అవుతుంది. సెల్ సున్నితత్వం సెల్ చిప్‌లో, గెయిన్ సవరణ బోర్డులో ఉండాలి.

ఇంకొకటి. వ్యాపారంలో వాడే కాటాకు మరమ్మతు తర్వాత తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్ళీ వేయించాల్సిందే. అక్కడ రాళ్ళ మోత తప్పదు. మీ చిప్ లాభం కర్మాగారపు ట్యాంకులకు, ప్రయోగశాలలకు.

కాటామరమ్మతు:
నా రికార్డులో స్పాన్ ఒకే అంకెగా ఉంది. రేపే రెండుగా విడదీస్తాను. చిప్‌ను మాత్రం ప్లగ్గులోంచి తీయను.