ముకల్లా సుల్తానులు: హద్రమౌత్ రాజులా, హైదరాబాద్ జమేదార్లా?

గోదారిగట్టు:
నేటి యెమెన్‌లో తూర్పున హద్రమౌత్ అనే ప్రాంతం ఉంది. సముద్రం ఒడ్డున ముకల్లా, షిహ్ర్ రేవులు. లోపల లోయలో షిబామ్, సెయ్యూన్, తరీమ్ పట్టణాలు. 1967 దాకా ఇందులో ఎక్కువ భాగాన్ని ఏలింది ఖుఐతీ వంశం. ఆ వంశానికి డబ్బు పుట్టింది మాత్రం మన హైదరాబాద్‌లో.

మూలపురుషుడు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. షిబామ్ దగ్గరి పల్లె మనిషి, యాఫా తెగవాడు. బతుకుదెరువుకు ముందు నాగపూర్, తర్వాత హైదరాబాద్ వచ్చి నిజాం కొలువులో అరబ్బు దళానికి జమేదార్, అంటే దళనాయకుడు అయ్యాడు. ఇక్కడ కూడబెట్టి అక్కడికి పంపాడు. 1858లో షిబామ్ వాళ్ల చేతికొచ్చింది. 1865లో ఆయన పోయాక కొడుకులు 1867లో షిహ్ర్, 1881లో ముకల్లా పట్టారు. 1902 నాటికి బ్రిటిష్ వాళ్లు వీళ్లని సుల్తానులుగా గుర్తించారు.

మనవాళ్లు చాలామంది "హైదరాబాద్ నుంచి వెళ్లి అరేబియాలో రాజ్యం స్థాపించారు" అని గొప్పగా చెప్పుకుంటారు. నాకు అది మింగుడు పడదు. ఇక్కడి జమేదార్ ఉద్యోగం వదలకుండా, ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాద్ దేవిడీల్లో (పెద్ద భవంతుల్లో) ఉంటూ, అక్కడ మనుషుల్ని పెట్టి ఏలినవాళ్లని రాజులు అనొచ్చా? మీరేమంటారు?

బార్కస్‌జామ:
అన్నా, ఈ విషయంలో నేను ఊరుకోలేను. మాది హైదరాబాద్‌లోని బార్కస్. మా ముత్తాత హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరినవాడు. మమ్మల్ని చావుష్‌లు అంటారు కదా, ఆ చావుష్‌లమే.

మీరు జమేదార్ అనే మాటని తిట్టులా వాడుతున్నారు. ఆ రోజుల్లో హద్రమౌత్ ఎలా ఉండేదో ముందు చూడండి. వానలు లేవు, పంటలు అంతంతమాత్రం. తెగకీ తెగకీ పగలు. మగపిల్లాడికి వయసొస్తే జావా, సింగపూర్, తూర్పు ఆఫ్రికా, హైదరాబాద్, ఎక్కడో ఒకచోటికి వలస పోవాల్సిందే. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకి నేను ఇది చెప్పాలా? దుబాయ్ వెళ్లి సంపాదించి ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాణ్ణి "వాడి సొమ్ము ఈ ఊరిది కాదు" అంటామా? ఉమర్ బిన్ అవద్ కూడా అదే చేశాడు. ఇల్లు బదులు రాజ్యం కట్టాడు. ఆస్తిలో ఒక వాటా హద్రమౌత్ పనులకే ఖర్చు పెట్టాలని వీలునామా కూడా రాశాడు.

కువైట్‌కడప:
ఇది కువైట్ రాజుల వంశమేనా? పేరు దగ్గరగా ఉంది.

బార్కస్‌జామ:
కాదు బ్రదర్. కువైట్‌ని ఏలేది అల్ సబా కుటుంబం. ఖుఐతీలు వేరు, ఊరు వేరు, తెగ వేరు. పేరు వినడానికి ఒకేలా ఉంటుంది, అంతే.

గోదారిగట్టు:
వలస మీద నాకు ఫిర్యాదు లేదు తమ్ముడూ. మా అన్న మస్కట్‌లో పన్నెండేళ్లు చేశాడు. నా పేచీ రాజ్యం చేతికొచ్చిన పద్ధతి మీద.

ముకల్లా కథ చూడు. ఖుఐతీల కంటే ముందు దాన్ని కసాదీ వంశపు నఖీబులు, అంటే అధిపతులు ఏలేవాళ్లు. వాళ్లూ యాఫా వాళ్లే, అంటే సొంత తెగ. నఖీబ్ సలాహ్ ఖుఐతీల దగ్గర అప్పు చేశాడు. 1873లో ఆయన కన్నుమూయగానే అప్పు తీర్చమని కొడుకు మీద పడ్డారు. ఆ కుర్రాడు కట్టలేక సగం ముకల్లా, పక్కనున్న బురూమ్ రేవు రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టాడు. తర్వాత అడ్డం తిరిగాడు, కొట్లాటలు నడిచాయి. చివరికి 1881లో బ్రిటిష్ వాళ్లు కలగజేసుకుని ఊరు మొత్తం ఖుఐతీలకి అప్పజెప్పారు. నఖీబ్ ఓడెక్కి జాంజిబార్ దారి పట్టాడు.

అప్పు ఇవ్వడం, తీర్చలేకపోతే ఊరు రాయించుకోవడం. ఇది ఎక్కడ నేర్చుకున్నారు? మన దగ్గరే. హైదరాబాద్ సర్కారు దగ్గర జీతాలకు డబ్బుల్లేక, అప్పులు తీర్చలేక అరబ్బు జమేదార్లకి తాలూకాలు తాకట్టు పెట్టిన కాలం అది. శిస్తు వాళ్లే వసూలు చేసుకునేవాళ్లు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ తాకట్లు విడిపించడానికి ఎంత తంటాలు పడ్డాడో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. నాగలి పట్టిన రైతు కట్టిన శిస్తే తిరిగి తిరిగి షిహ్ర్ ఫిరంగుల మందు అయింది. ముకల్లా కోట గురించి మాట్లాడేటప్పుడు ఆ రైతు నాకు ముందు గుర్తొస్తాడు.

రిటైర్డ్‌మాస్టారు:
ఇద్దరికీ ఒక మాట. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను.

తాకట్ల సంగతి గోదారిగట్టు గారు సరిగ్గా పట్టుకున్నారు. కానీ తప్పంతా ఖుఐతీల మీదే వేస్తే లెక్క కుదరదు. వాళ్ల శత్రువు ఎవరు? లోయలో సెయ్యూన్, తరీమ్ ఏలిన కతీరీలు. వాళ్ల నాయకుడు గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా హైదరాబాద్‌లో జమేదారే! మూడోవాడు అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలకీ, ఆయనా ఇక్కడి జమేదారే. అంటే పాతబస్తీలో పక్కపక్క వీధుల్లో ఉంటూ సలాం చెప్పుకున్నవాళ్లు సముద్రం అవతల ఒకరి ఊరు ఒకరు ముట్టడించుకున్నారు. షిహ్ర్‌ని 1866లో కతీరీలు పట్టారు, మరుసటి ఏడే ఖుఐతీలు లాక్కున్నారు. ఇక్కడి నుంచి డబ్బు, ఆయుధాలు పోకుండా ఆపమని బ్రిటిష్ వాళ్లు హైదరాబాద్ సర్కారు మీద ఒత్తిడి తెచ్చేదాకా వెళ్లింది వ్యవహారం.

మిగిలిన ఇద్దరికీ లేనిది ఖుఐతీలకి ఉన్నది ఒకటుంది, వారసత్వం మీద పట్టు. మూలపురుషుడి కొడుకు అవద్ బిన్ ఉమర్ తన తర్వాత కొడుకు గాలిబ్, ఆయన తర్వాత తమ్ముడు ఉమర్, ఆ తర్వాత గాలిబ్ కొడుకు సాలిహ్ అని వరస పెట్టాడు. సోదరుడి కొడుకులు గొడవ చేసినా వరస చెడలేదు. 1936లో సాలిహ్ గద్దె ఎక్కేదాకా అలాగే నడిచింది. 1918లో కతీరీలు కూడా ఒప్పందం మీద సంతకం పెట్టి సర్దుకున్నారు. జమేదార్ల గుంపుకీ రాజవంశానికీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది.

గోదారిగట్టు:
మాస్టారూ, ఔలకీ సంగతి నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ వారసత్వం సాఫీగా నడవడానికి కారణం 1888 ఒప్పందం కాదా? అప్పటినుంచి బ్రిటిష్ రక్షణలోకి వెళ్లిపోయారు. ఏడెన్‌లో తెల్లదొర అండ ఉన్నాక ఎవరైనా నిలబడతారు.

బార్కస్‌జామ:
అలాగైతే మన నిజాంకీ అదే లెక్క, మైసూర్‌కీ అదే లెక్క అన్నా. ఆయన్నీ రాజు కాదనండి మరి.

సాలిహ్ బిన్ గాలిబ్ గురించి చెప్తా. గద్దెకి ముందు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే ఉన్న మనిషి, చదువుకున్నవాడు. 1937లో సలహాదారు ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మతం, ఆచారాలు తప్ప మిగతా అన్నిట్లో బ్రిటిష్ సలహాదారు మాట వినాలి. దీన్ని బలహీనత అంటారు, నాకూ తెలుసు. కానీ అదే ఏడాది ఇంగ్రామ్స్ అనే సలహాదారు, తరీమ్ సయ్యద్ అబూబకర్ అల్ కాఫ్ ఊరూరూ తిరిగి వెయ్యికి పైగా తెగపెద్దల చేత మూడేళ్లు తుపాకీ పట్టబోమని సంతకాలు పెట్టించారు. అల్ కాఫ్ సొంత డబ్బు పోశాడు, సింగపూర్‌లో సంపాదించిన డబ్బు. తలుపు దాటితే పగవాడి గుండు తగులుతుందేమోనని ఏళ్ల తరబడి ఇళ్లలోనే ఉండిపోయిన మగవాళ్లు అప్పుడు బయటికొచ్చి ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టుకున్నారని మా ఇంట్లో చెప్పేవాళ్లు. సాలిహ్ కాలంలోనే సూడాన్ నుంచి అల్ ఖద్దాల్ అనే విద్యాధికారిని పిలిపించి బళ్లు పెంచారు.

జిద్దాజగిత్యాల:
అల్ ఖద్దాల్ పేరెత్తావు కాబట్టి మిగతా సగం కూడా చెప్పు భాయ్. 1950 డిసెంబర్‌లో అదే ఖద్దాల్‌ని రాజ్య కార్యదర్శిగా పెడుతుంటే, స్థానికుణ్ణి పెట్టమని జనం ముకల్లా ప్యాలెస్ ముందుకొచ్చారు. సిపాయిలు కాల్చారు. పదిమందికి పైగా చచ్చిపోయారు. సముద్రం వైపు తెల్లగా మెరిసే ప్యాలెస్ అది, 1920ల్లో హిందుస్తానీ పోకడలతో కట్టింది. ఇప్పుడు మ్యూజియం. ఫోటోలు చూసి "మన స్టైల్‌లో ఉంది" అని మురిసిపోయేవాళ్లు ఆ గుమ్మం ముందు పడిన శవాల్ని కూడా గుర్తుంచుకోవాలి.

నేను జిద్దాలో తొమ్మిదేళ్లు డ్రైవర్‌గా చేశాను. మా గల్లీలో ఒక హద్రమీ ముసలాయన తేనె అమ్మేవాడు. దోఆన్ లోయ తేనె, రేగుపూలది. చిన్న డబ్బా ధర వింటే కళ్లు తిరుగుతాయి. నాది హైదరాబాద్ వైపు అని తెలిసిన రోజు లోపలికి పిలిచి చాయ్ పోశాడు. గల్లాపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన వెండి రూపాయి తీశాడు. ఒకవైపు చార్మినార్. నిజాం హాలీ సిక్కా! వాళ్ల నాన్న నిజాం ఫౌజులో చేసి, 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అరబ్బుల్ని వెనక్కి పంపినప్పుడు ఓడెక్కినవాడట. చేతిలో మిగిలినవి అలాంటి నాణేలు కొన్ని.

సుల్తాన్ మంచివాడా అని అడిగాను. "కరువులో జావా డబ్బు ఆగింది, తర్వాత హైదరాబాద్ డబ్బు ఆగింది. అప్పుడు తెలిసింది మాకు సొంతంగా ఏమీ లేదని" అన్నాడు. ఆయన చెప్పిన కరువు 1940లలోది. జపాన్ జావాని ఆక్రమించి అక్కడి నుంచి డబ్బు రావడం ఆగిపోతే, లోయలో జనం ఆకలితో చచ్చారు, విమానాల్లో గింజలు తెచ్చి దింపారు. వంద ఏళ్లుగా బయటి డబ్బు మీద నడిచిన రాజ్యం సొంత కాళ్ల మీద నిలబడేలా ఏం చేసిందన్నదే నా ప్రశ్న. దానికి నువ్వు జవాబు చెప్పలేదు బార్కస్ భాయ్.

బార్కస్‌జామ:
జిద్దా అన్నా, ఆ రూపాయి సంగతి చదివి కాసేపు ఏం రాయలేకపోయా. మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉండేది.

మీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రేవుల సుంకం తప్ప పెద్ద ఆదాయం లేని నేల అది. అయినా బళ్లు, కోర్టులు, జీతం తీసుకునే ఉద్యోగులు, ఇవన్నీ వాళ్ల హయాంలోనే వచ్చాయి. కాల్పులు మాత్రం తప్పే. దాన్ని నేను వెనకేసుకురాను.

గోదారిగట్టు:
ఆ ఒక్క మాట చాలు తమ్ముడూ. నేనూ నా మాట కొంచెం మార్చుకుంటా. సాలిహ్ నాటికి వాళ్లు రాజులే, జమేదార్లు అనడం అన్యాయం. కానీ ముకల్లాని దక్కించుకున్న తీరు మీద, ఇక్కడి రైతు సొమ్ము మీద నా అభిప్రాయం అదే.

రిటైర్డ్‌మాస్టారు:
ఒక తేదీ రాసి ఆపుతాను. 1966లో గద్దె ఎక్కిన చివరి సుల్తాన్ గాలిబ్ బిన్ అవద్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడు బయటి ప్రయాణం ముగించుకుని ఓడలో తిరిగొచ్చేసరికి ముకల్లా విప్లవకారుల చేతిలో ఉంది. రేవులో దిగనివ్వలేదు. గద్దె పోయింది. ఆ రోజు 1967 సెప్టెంబర్ 17. హైదరాబాద్‌లో నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న.