సాధారణ సాపేక్షతలో లోరెంట్జ్ సౌష్ఠవం తప్పడానికి చోటెక్కడిది?

లోలకం:
వచ్చే వారం నా ఎమ్మెస్సీ సెమినార్. 2001లో జేకబ్సన్, మాటింగ్లీ ప్రతిపాదించిన ఐన్‌స్టయిన్-ఈథర్ సిద్ధాంతం తీసుకున్నాను. మూడు రోజులుగా ఒక్క దగ్గరే ఆగిపోయాను. సాధారణ సాపేక్షతలో, అంటే ఐన్‌స్టయిన్ గురుత్వ సిద్ధాంతంలో, ఏ కోఆర్డినేట్లు వాడినా సమీకరణాల రూపం మారదు కదా, మరి ఇక లోరెంట్జ్ సౌష్ఠవం (ఏ దిశలో తిరిగినా, ఎంత స్థిర వేగంతో వెళ్తున్నా భౌతిక నియమాలు ఒకటే అనేది) తప్పేది ఎలా? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా విడమరిచి చెప్పండి.

తారాపథం:
మీరు ఆగిన చోటే నేనూ నెలల తరబడి ఆగాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బల్ల మీద ఒక దిక్సూచి ఉందనుకోండి. మీరు తల పక్కకు వాల్చి చూస్తే ముల్లూ, బల్లా, గదీ అన్నీ కలిసే వాలినట్టు కనబడతాయి. ముల్లుకు ఏమీ కాలేదు. కోఆర్డినేట్లు మార్చడమంటే ఇంతే. ఇప్పుడు తల కదపకుండా ముల్లునొక్కదాన్నే వేలితో పక్కకు తిప్పి పట్టుకోండి. అది వేలిని వెనక్కి నెడుతుంది, ఎందుకంటే భూమి అయస్కాంత క్షేత్రం దానితో పాటు తిరగలేదు. సౌష్ఠవం తప్పేది ఈ రెండో రకం మార్పులో. ఈ సిద్ధాంతంలో ఆ క్షేత్రం పాత్ర ప్రతి బిందువు దగ్గరా ఉండే ఒక యూనిట్ టైమ్‌లైక్ వెక్టర్‌ది, అంటే కాలం దిశగా చూపే, నిడివి ఒకటిగా ఉండే బాణానిది. దీన్నే ఇక్కడ ఈథర్ అంటారు. దాంతో ప్రతిచోటా 'నిశ్చలం' అనే మాటకు ఒక అర్థం వచ్చేస్తుంది. ఆ వెక్టర్‌ను మనమే ముందుగా గీసి పెట్టేస్తే మాత్రం సాధారణంగా బియాంకీ ఐడెంటిటీలతో (స్పేస్‌టైమ్ వక్రత ఎప్పుడూ పాటించి తీరే గణిత సంబంధాలతో) పేచీ వస్తుంది. 2004లో భౌతిక శాస్త్రవేత్త కోస్టెలెత్స్కీ చూపించింది అదే. అందుకే దానికీ సొంత సమీకరణం ఉంటుంది.

లోలకం:
ముల్లు మాటతో ముడి విడిపోయిందండీ! ఇంకొక్కటి. 2017 ఆగస్టు 17న కనిపెట్టిన న్యూట్రాన్ నక్షత్రాల ఢీతో ఈ సిద్ధాంతం పోయినట్టేనా?

గురుత్వ:
పోలేదండీ, ఇరుకైంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల ప్రయాణం తర్వాత గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలూ అందాయి. అంటే రెండింటి వేగాల తేడా 10⁻¹⁵ స్థాయి దాటదు. సిద్ధాంతంలోని నాలుగు స్థిరాంకాల్లో (సి1 నుంచి సి4 వరకు) గురుత్వ తరంగం వేగాన్ని నిర్ణయించేది సి1, సి3ల మొత్తం. అది దాదాపు సున్నా కావాల్సి వచ్చింది. మిగతావాటికి ఇంకా చోటుంది. నాకు బాగా నచ్చే వాదన వేరే ఉంది. ఈథర్‌కు సొంత తరంగాలున్నాయి. అవి కాంతికంటే నెమ్మదిగా వెళ్తే, అతిశక్తి కాస్మిక్ కిరణాలు దారిలోనే వాటిని వెదజల్లి నీరసించిపోవాలి. అలాంటి కిరణాలు మనదాకా వస్తూనే ఉన్నాయి! ఇది బోర్డు మీద చేసి చూపించండి.

తారాపథం:
'ఈథర్' అనగానే ఎవరో ఒకరు కాంతిని మోసే ఈథర్ కోసం వెతికినా జాడ దొరకని 1887 నాటి మైకెల్సన్-మోర్లీ ప్రయోగం ఎత్తుతారు. ఇది కాంతిని మోసే మాధ్యమం కాదు, పదార్థంతో నేరుగా ముడిపడదు, స్పేస్‌టైమ్‌తోనే దీని సంబంధం. ఈ ముక్క మొదటి స్లైడ్‌లోనే పెట్టండి.