ఉప్పునీటి ట్యాంకులో చేపలు రాత్రికి రాత్రే పోయాయి, మందు వేయాలా?

ప్రశ్న (శ్రీకాకుళం):
నిన్న కళింగపట్నం బీచ్ నుంచి తెచ్చిన నీళ్లతో ట్యాంకులో సగం మార్చాం. తెల్లారేసరికి డామ్సెల్ చేపలు రెండూ చచ్చి అడుగున పడున్నాయి. క్లౌన్ చేపల జంట పైకొచ్చి నోళ్లు తెరుస్తోంది, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. జబ్బు గుర్తుగా వచ్చే తెల్లచుక్కలు ఒంటి మీద లేవు. మా ఆవిడ "కొత్తవి తెచ్చుకోండి" అనేసింది గానీ, నాకు టెన్షన్‌తో టిఫిన్ దిగలేదు.

జవాబు:
మందు జోలికి పోకండి మాస్టారూ. రాగి మందైతే రొయ్యలు, పగడాలు కూడా పోతాయి. చచ్చినవి వెంటనే తీసేయండి. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లు తిప్పే మోటారు) పైకి తిప్పి నీటి మీద అలలు లేపండి, ఎయిర్ పంపు పెట్టండి, మేత ఆపండి. ఆ తర్వాతే టెస్ట్ కిట్‌తో నీటిలో అమ్మోనియా చూడండి. ఉప్పునీటి పీహెచ్ 8 దాటే ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది కాబట్టి కొంచెమున్నా ప్రమాదమే.

ఇంకో జవాబు:
గదిలో దోమల స్ప్రే కొట్టారా? చేపలకు అది మహా చెడ్డది.

ప్రశ్న అడిగినవారు:
స్ప్రే లేదండి. అమ్మోనియా కనిపించింది. ఉప్పదనం (నీటి సాంద్రత లెక్కలో) 1.018.

మొదటి జవాబిచ్చినవారు:
అనుకున్నదే. కళింగపట్నం దగ్గరే వంశధార నది సముద్రంలో కలుస్తుంది. వానల్లో ఆ నీళ్లు పలచబడతాయి, పొలాల మురుగూ వస్తుంది. ఉప్పు తగ్గితే చేపలు కొంత ఓర్చుకుంటాయి, నా అనుమానం మురుగు మీదే. అక్వేరియం షాపులో దొరికే సముద్రపు ఉప్పు ప్యాకెట్‌తో (వంట ఉప్పు కాదు) కొత్త నీళ్లు కలిపి పాతిక శాతం మార్చండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలు పీల్చే బొగ్గు) పెట్టండి. ఉప్పదనాన్ని మామూలుగా ఉండాల్సిన 1.025కి ఒక్కసారే లాగకండి, రోజుకి 0.001 చాలు.