రాత్రి ఎనిమిదిన్నరకి అపరాహ్ణమా?

పర్లాకిమిడి నుంచి: మా డీటీపీ షాపు కంప్యూటర్లో తేదీ, టైము తెలుగులో కనబడాలని ఫార్మాట్ తెలుగుకి మార్చాను. ఏఎం, పీఎంల చోట ‘పూర్వాహ్న’, ‘అపరాహ్న’ వచ్చాయి. బాగానే ఉందనుకుని వదిలేశాను. నిన్న రాత్రి ఒక పెద్దావిడ శుభలేఖ ప్రూఫు చూసుకోడానికి వచ్చారు. రశీదు మీద ‘అపరాహ్న 08:40’ అని పడింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "రాత్రి పూట అపరాహ్ణమేంటి బాబూ, ఎవరి తద్దినం?" అన్నారు. షాపంతా నవ్వు. ఇంతకీ ఈ మాటకి సరైన అర్థమేంటి?

గుణుపురం నుంచి ఒక మాస్టారు: ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. పగటిని అయిదు భాగాలు చేస్తే ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. పగలు 30 ఘడియలనుకుంటే ఒక్కొక్కటి ఆరు ఘడియలు, అంటే 2 గంటల 24 నిమిషాలు. ఆరింటికి సూర్యోదయమైతే అపరాహ్ణం 1:12కి మొదలై 3:36కి అయిపోతుంది. తద్దినానికి ఆ వేళకి తిథి ఉందా లేదా అని చూస్తారు కాబట్టే ఆ మాట ఇళ్ళల్లో బతికి ఉంది. పగటిని రెండే ముక్కలు చేసి చెప్పినా, అహస్సు అంటే పగలే కదా. పొద్దు గూకాక అహ్నం ఎక్కడిది?

ఇంకోటి. అది ‘న’ కాదు, ‘ణ’. పూర్వ, అపర అన్న రెంటిలోనూ రేఫ, అంటే ‘ర’ ఉంది, చివర అకారం ఉంది. అలాంటి మాట ముందుంటే అహ్నంలోని ‘న’ ‘ణ’ అవుతుందని పాణిని సూత్రం. మధ్యాహ్నం, సాయాహ్నంలలో రేఫ లేదు, అందుకే అక్కడ ‘న’ అలాగే ఉండిపోయింది.

బరంపురం నుంచి: మాస్టారూ, ‘ణ’ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఒడియా ఆహ్వానపత్రికల్లో అపరాహ్న మామూలు మాటే. నాలుగింటి సభకీ అదే రాస్తారు, ఎవరూ తద్దినం అనుకోరు. అయితే రాత్రి ఎనిమిదికి మాత్రం వాళ్ళూ ‘రాతి’ అనే అంటారు.

జయపురం నుంచి: గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూర్చుని పూర్వాహ్ణం, అపరాహ్ణం ఏంటండీ! ఉదయం, సాయంత్రం అని పెట్టేయండి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో అడిషనల్ సెట్టింగ్స్, టైమ్ ట్యాబ్. ఏఎం సింబల్, పీఎం సింబల్ అని రెండు గళ్ళు ఉంటాయి, వాటిలో మనకి కావలసింది టైపు చేసుకోవచ్చు.

పర్లాకిమిడి నుంచి: పెట్టి చూశానండీ. మధ్యాహ్నం భోజనానికి లేస్తూ చూస్తే ‘సాయంత్రం 12:30’ అంది! అర్ధరాత్రి దాటాక ‘ఉదయం 12:10’ అంటుంది కాబోలు. రాత్రి ఎనిమిదిన్నర మళ్ళీ సాయంత్రమే. తద్దినం గొడవ ఒక్కటే తప్పింది.

గుణుపురం మాస్టారు: తప్పు మాటలది కాదు బాబూ, గళ్ళది. పన్నెండింటికి ఒకసారి మారే లెక్క మనది కాదు. తెల్లవారుజామున మూడు, పొద్దున్న ఎనిమిది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం అయిదు, రాత్రి తొమ్మిది అంటాం. రెండు గళ్ళలో ఇవన్నీ ఎలా పడతాయి? ఏ భాషలో తేదీ, టైము ఎలా చూపాలో రాసిపెట్టిన యూనికోడ్ వాళ్ళ పట్టిక సీఎల్‌డీఆర్‌లో తెలుగుకి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని విడివిడిగా ఉన్నాయి. దాన్ని వాడుకునే ప్రోగ్రాం అయితే సరిగ్గా చూపగలదు. మీ రశీదు ప్రోగ్రాంకి ఆ రెండు గళ్ళే దిక్కులా ఉంది.

రాయగడ నుంచి: మాటే వద్దనుకోండి, గొడవ ఉండదు. అదే ట్యాబ్‌లో టైమ్ ఫార్మాట్‌లో చిన్న హెచ్ ఉంటే 12 గంటల లెక్క, పెద్ద హెచ్ అయితే 24. పక్కన రెండు ‘టీ’లు ఉంటే అవే ఏఎం, పీఎం, తీసేయండి. 20:40 అని వస్తుంది. రైలు టైము చూడ్డం అలవాటున్న వాళ్ళే కదా అందరూ. పనిలో పని, తేదీలో ‘వై’లు రెండే ఉంటే నాలుగు చేయండి, రశీదుల్లో సంవత్సరం పూర్తిగా పడాలి. ఎం దగ్గర జాగ్రత్త: పెద్దది నెల, చిన్నది నిమిషం.

బరంపురం నుంచి: మా అమ్మకి 20:40 అంటే మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాలి. నా ఓటు రాత్రికే.

పర్లాకిమిడి నుంచి: చివరికి పెద్ద హెచ్చే పెట్టానండీ. శుభలేఖల్లో ముహూర్తం మాత్రం ‘రాత్రి గం. 8-40 ని.లకు’ అని చేత్తోనే టైపు చేస్తున్నాను, అక్కడ కంప్యూటర్ని నమ్మను. ఆవిడ ఇవాళ మళ్ళీ వచ్చారు. రశీదు మార్చి ఇస్తానంటే, "ఉండనీ బాబూ, మా ఆయనకి చూపించాలి" అని బ్యాగులో పెట్టేసుకున్నారు.