ఆపరేషన్‌లో పేషెంట్‌ని 37 డిగ్రీల (సెల్సియస్) ఒంటి వేడి దగ్గరే ఉంచాలా, 35.5 ఉన్నా చాలా?

ప్రశ్న వేసినవారు:
మా అమ్మకు 68 ఏళ్లు. పోయిన నెల పెద్దపేగు ఆపరేషన్ అయింది, మూడున్నర గంటలు పట్టింది. రికవరీ గదిలోకి నన్ను పిలిచేసరికి మంచం చువ్వలు టకటకలాడేలా వణికిపోతోంది. పళ్లు కొట్టుకుంటుంటే పేరు కూడా పలకలేకపోయింది. రెండు దుప్పట్లు కప్పినా పావుగంట దాకా తగ్గలేదు. "ఓటీలో ఏసీ కదండీ, అందరికీ ఉండేదే" అన్నారు. నిజంగా అంతేనా?

మత్తు డాక్టర్, విజయవాడ:
ఏసీ ఒక్కటే కాదండీ. మెలకువగా ఉన్నప్పుడు చేతులు, కాళ్లలో రక్తనాళాలు బిగుసుకుని వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. మత్తు ఎక్కగానే అవి వదులవుతాయి, లోపలి వేడి కాళ్లకూ చేతులకూ పాకిపోతుంది. మొదటి గంటలోనే ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దిగిపోతుంది. దానికి తోడు తెరిచిన పొట్ట, చల్లటి సెలైన్. మత్తులో వణుకు రాదు కాబట్టి ఒళ్లు తనంతట తాను కోలుకోలేదు.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1996లో పెద్దపేగు ఆపరేషన్లయిన 200 మంది మీద వచ్చిన స్టడీలో, సగటున 34.7కి దిగినవాళ్లలో 19 శాతం మందికి గాయంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. 36.6 దగ్గర ఉంచినవాళ్లలో 6 శాతమే. చలికి గాయం దగ్గర రక్తప్రసరణ తగ్గుతుంది, ఆక్సిజన్ సరిగా అందదు. మీ అమ్మగారి మత్తు చార్టులో టెంపరేచర్ ఎంత రాశారో చూడండి.

సర్జన్, వరంగల్:
డాక్టర్ గారూ, అది పాత లెక్క. 2022లో ప్రొటెక్ట్ అనే స్టడీ వచ్చింది, చైనాలోనూ అమెరికాలోనూ కలిపి 5,056 మంది. కొందరిని 35.5 దగ్గర, మిగతావాళ్లని 37 దగ్గర ఉంచారు. గుండెకు దెబ్బ, గుండె ఆగడం, 30 రోజుల్లో మరణం, మూడూ కలిపి చూస్తే 37 గుంపులో 9.9 శాతం, 35.5 గుంపులో 9.6. తేడా లేదు. పేషెంట్ చల్లబడకుండా కప్పే, లోపలికి వేడిగాలి ఊదే దుప్పటి ఒకసారి వాడి పారేసేది, దాని ఖర్చు చివరికి పేషెంట్ బిల్లులోకే వస్తుంది. అరగంట హెర్నియాకి కూడా అది తప్పనిసరి అంటే నేను ఒప్పుకోను.

మత్తు డాక్టర్, విజయవాడ:
అరగంట కేసు సంగతి వదిలేద్దాం. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ గైడ్‌లైన్ కూడా అందరికీ అనలేదు. మత్తు అరగంట దాటితే, లేదా పేషెంట్‌కి రిస్క్ ఎక్కువుంటేనే వేడిగాలి పెట్టమంది. కానీ ప్రొటెక్ట్‌లో చల్లగా వదిలేసిన గుంపంటూ లేదు సార్. 35.5 గుంపులోవాళ్లకి కూడా ప్రోబ్ పెట్టి టెంపరేచర్ చూస్తూ ఉన్నారు, అంతకన్నా దిగితే వెచ్చబెట్టారు. 37 అక్కర్లేదని ఆ స్టడీ చెప్పింది, నేనూ ఒప్పుకుంటాను. చూడకుండా వదిలేసి 34కి దిగనిస్తే ఏమవుతుందో అది చెప్పలేదు. మన దగ్గర చాలా చోట్ల జరుగుతున్నది ఆ రెండోదే.

ఓటీ సిస్టర్, హైదరాబాద్:
ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వార్మర్ లేనిచోట గ్లవ్‌లో వేడినీళ్లు పోసి ముడేసి చంక కింద పెడతారు. దయచేసి అలా చేయకండి. మత్తులో ఉన్న మనిషికి కాలినా తెలియదు. ఒక ముసలాయనకి పక్కటెముకల మీద అరచేయంత బొబ్బ వచ్చింది, ఆపరేషన్ పుండు మానినా అది మానలేదు. ఖర్చులేని పని ఉంది: ఓటీ బయట వెయిటింగ్‌లో పల్చటి గౌనుతోనే కూర్చోబెట్టకుండా అక్కడే దుప్పటి కప్పడం, మత్తిచ్చేదాకా ఏసీ చలి తగ్గించి ఉంచడం. వీలుంటే ముందే వేడిగాలి పెడితే ఇంకా మంచిది. చేతులు, కాళ్లు అప్పటికే వెచ్చగా ఉంటే మత్తులో లోపలి వేడి అంతగా జారిపోదు.

ప్రశ్న వేసినవారు:
ఇవాళ ఫైల్ తెప్పించుకుని చూశాను. బీపీ, పల్స్, ఆక్సిజన్ ప్రతి ఐదు నిమిషాలకీ రాసి ఉన్నాయి. టెంపరేచర్ అని అచ్చేసిన గడి మొదటి నుంచి చివరి దాకా ఖాళీగా ఉంది. రెండు నెలల తర్వాత అమ్మకు ఇంకో ఆపరేషన్ ఉంది. మత్తు డాక్టర్ గారిని ముందే కలిసి, ఆ గడి నింపుతారా అని అడుగుతాను.