14 ఏళ్ల పవర్ షవర్: మరమ్మతా, మార్పా?

తడిగోడ:
మా స్నానాల గదిలో 14 ఏళ్ల నాటి పవర్ షవర్ ఉంది. పైనున్న చన్నీళ్ల ట్యాంకు నుంచి ఒక గొట్టం, వేన్నీళ్ల ట్యాంకు నుంచి మరొక గొట్టం వచ్చి గోడకు బిగించిన డబ్బాలో కలుస్తాయి. ఆ డబ్బాలోని చిన్న పంపు రెండింటినీ కలిపి ఒత్తిడితో పైకి పంపుతుంది. ఆరు నెలలుగా దీనితో మూడు ఇబ్బందులు మొదలయ్యాయి. ధార పలచబడింది. స్నానం మధ్యలో నీళ్లు ఉన్నట్టుండి కాగిపోయి, కాసేపటికి మళ్లీ మామూలవుతున్నాయి. డబ్బా అడుగున ఎప్పుడూ ఒక బొట్టు వేలాడుతూ ఉంటుంది, తుడిచిన అరగంటకే మళ్లీ చేరుతుంది. చూడటానికి వచ్చిన ప్లంబరు మూత కూడా తీయకుండానే దీని కాలం తీరిపోయిందని, కొత్తది పెట్టించుకోవాలని చెప్పి వెళ్లారు. ఇంట్లో తలో మాట అంటున్నారు. 79 ఏళ్ల మా నాన్నగారు కూడా ఇదే వాడతారు కాబట్టి ఊరికే వాయిదా వేయడం కూడా నాకు ఇష్టం లేదు. వయసు చూసి మార్చేయడం సబబా, విప్పి చూసి బాగు చేయించుకోవడం మేలా? కారణాలతో సహా చెప్పమని కోరుతున్నాను.

పాతపానా:
మూత తీయకుండా ఇచ్చిన తీర్పును నేను లెక్కలోకి తీసుకోను. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు, అందులో రెండింటికి అసలు డబ్బాతోనే సంబంధం లేకపోవచ్చు.

ముందుగా ధార సంగతి చూడండి. 10 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి రాసిపెట్టుకోండి. 50 సెకన్లు పడితే నిమిషానికి 12 లీటర్లు వస్తున్నట్టు, ఈ రకం షవర్‌కు అది ఆరోగ్యకరమైన ధారే. 90 సెకన్లు దాటితే ఎక్కడో అడ్డు ఉన్నట్టు లెక్క. అప్పుడు షవర్ తలను విప్పి, ఉత్త గొట్టంతో మళ్లీ కొలవండి. తేడా బాగా కనిపిస్తే రంధ్రాలు గార పట్టి మూసుకుపోయాయన్నమాట. తేడా లేకపోతే డబ్బాలోకి నీళ్లు వచ్చే చోట ఉండే జాలీలను చూడాలి. మా ఇంట్లో ఒకసారి పంపు పోయిందని అందరం నిర్ధారించుకున్నాక, చన్నీళ్ల వైపు జాలీకి అడ్డంగా చిటికెన వేలి గోరంత టెఫ్లాన్ టేపు ముక్క దొరికింది. ఎవరో గొట్టం బిగించేటప్పుడు లోపలికి జారిపోయిన ముక్క, అన్నేళ్లూ ఎక్కడ తిరిగి చివరికి అక్కడికి చేరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక వేడి సంగతి. నీళ్లు కాగిపోయే సమయంలో ఇంట్లో ఎవరైనా ఫ్లష్ లాగారేమో గమనించండి. షవర్‌కు వచ్చే చన్నీళ్ల గొట్టం నుంచే ఫ్లష్ ట్యాంకుకు కూడా పాయ తీసి ఉంటే, అది నిండేంతసేపూ చన్నీళ్లు తగ్గి వేడి పెరుగుతుంది. పవర్ షవర్‌కు ట్యాంకు నుంచి విడిగా ఒక గొట్టం ఉండాలని చెప్పేది ఇందుకే. అది లేని ఇంట్లో ఎంత కొత్త షవర్ పెట్టినా ఇదే కథ పునరావృతమవుతుంది.

ఎర్తువైరు:
పాతపానా గారి పద్ధతి ధారకూ, వేడికీ సరిపోతుందని ఒప్పుకుంటాను. ఆ మూడో ఇబ్బందిని మాత్రం ఆయన అసలు ముట్టుకోలేదు, నా దృష్టిలో ముందుగా మాట్లాడవలసింది దాని గురించే.

ఆ డబ్బాలో నీళ్లూ, కరెంటూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మధ్య సరిహద్దు పంపు ఇరుసు చుట్టూ ఉండే సీలు. అందులో ఒక కార్బన్ బిళ్ల, ఒక పింగాణీ బిళ్ల ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతూ, మధ్యనున్న పలచటి నీటి పొర వల్లనే అరగకుండా ఉంటాయి. ట్యాంకు ఖాళీ అయిన రోజున పంపు కొద్దిసేపు ఎండుగా తిరిగినా ఆ ముఖాలు మాడి, గీతలు పడతాయి. ఆ తరువాత అక్కడ ఊరే చెమ్మ మొదట బేరింగును తుప్పు పట్టించి, ఆపై మోటారు చుట్టలను చేరుతుంది. ఒంటి నిండా తడితో, చెప్పులు లేని కాళ్లతో నిలబడే చోట అలాంటి డబ్బాను ఇంకొన్నాళ్లు చూద్దామని వదిలేయడం నాకు నచ్చదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందిగా అంటారేమో, అది ఉండి తీరాలి. దాని మీది టెస్ట్ మీట నొక్కితే తెలిసేది ఆ పరికరం పనిచేస్తుందని మాత్రమే, ఎర్తు సరిగా ఉందో లేదో ఆ మీట చెప్పదు.

పెద్దవారి విషయం మరొకటి. వేన్నీళ్ల ట్యాంకులో లెజియోనెల్లా సూక్ష్మజీవులు పెరగకుండా నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. అదే 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలో ఒంటిని తీవ్రంగా కాల్చగలవు, ముసలివారి చర్మం పలచన కాబట్టి వారికి ఆ వ్యవధి కూడా ఉండదు. ట్యాంకు వేడి తగ్గించడం కుదరదు గనక మిమ్మల్ని కాపాడేది వేన్నీళ్లూ చన్నీళ్లూ కలిసే పాళ్లను వేడిని బట్టి సరిచేసే, డబ్బాలోని థర్మోస్టాట్ కార్ట్రిడ్జి ఒక్కటే. 14 ఏళ్ల కార్ట్రిడ్జిని అంతగా నమ్మవచ్చా?

మితవ్యయం:
నేను మార్పు పక్షమే, కానీ నా కారణం వేరు. పాత పంపులు కరెంటు విపరీతంగా తాగుతాయి. కొత్తది పెడితే బిల్లులోనే తేడా కనిపిస్తుంది.

కొలతబద్ద:
మితవ్యయం గారూ, ఈ వాదన లెక్కకు నిలవదు. 200 వాట్ల మోటారు ఎనిమిది నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 0.03 యూనిట్ల లోపే. అదే ఎనిమిది నిమిషాలలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 96 లీటర్లు పోతాయి, వాటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 2.24 యూనిట్లు కావాలి. అంటే పంపు వాటా నీళ్లు కాచే ఖర్చులో 80వ వంతు మాత్రమే. కొత్త షవర్ నిమిషానికి 15 లీటర్లు పోసే రకమైతే బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. పొదుపే ధ్యేయమైతే పాత డబ్బాకే తక్కువ నీళ్లు వదిలే షవర్ తల బిగించుకోవచ్చు, స్నానాన్ని రెండు నిమిషాలు తగ్గించుకోనూ వచ్చు.

పనిలో పనిగా, ఇలాంటి చర్చలలో తప్పకుండా వచ్చే రెండు సలహాలకు కూడా ముందే జవాబు చెప్పేస్తాను. పంపు తీసేసి ట్యాంకు ఎత్తుతోనే నెట్టుకు రావచ్చు కదా అంటారు. ట్యాంకు షవర్ తల కన్నా మీటరున్నర ఎత్తులో ఉంటే దొరికే ఒత్తిడి 0.15 బార్ మాత్రమే, అది ధార అనిపించుకోదు. అక్కడికక్కడే నీళ్లు కాచే ఎలక్ట్రిక్ షవర్ పెట్టుకోమనేది రెండోది. 8.5 కిలోవాట్ల రకం 20 డిగ్రీలు వేడి చేస్తూ నిమిషానికి ఆరు లీటర్లకు మించి ఇవ్వలేదు, పైగా 37 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి లావుపాటి వైరు మెయిన్ బోర్డు నుంచి కొత్తగా లాగాలి.

మితవ్యయం:
లెక్క ఒప్పుకుంటున్నాను. కరెంటు గురించి నేను అన్నది విన్న మాటే, కొలిచి చూసినది కాదు.

పాతపానా:
ఎర్తువైరు గారు కార్ట్రిడ్జి గురించి అడిగారు. అందులో ఉండేది ఒక మైనపు గుళిక. నీరు వేడెక్కితే మైనం వ్యాకోచించి లోపలి కడ్డీని తోస్తుంది, వేన్నీళ్ల దారి సన్నబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్పందన మందగిస్తుంది, గార పడితే కడ్డీ బిగుసుకుపోతుంది. దానిని నమ్మకూడదన్న మాట నిజమే, అయితే అది విడిగా మార్చుకోగలిగిన భాగం. ఒక్క భాగం కోసం మొత్తం డబ్బాను పారేయనవసరం లేదు. మార్చేటప్పుడు రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. బండికి వాడే గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఈ పొరపాటు నేనే ఒకసారి చేశాను. గార వదిలించడానికి వినిగర్‌లో నానబెట్టేటప్పుడు కూడా రింగులు తీసి పక్కన పెట్టాలి.

బొట్టు గురించి మాత్రం ఆయన తొందరపడ్డారని నా అభిప్రాయం. అది సీలు నుంచే వస్తోందని ఎలా తెలుసు? గొట్టం నట్టు దగ్గర కారినా, నీళ్లు డబ్బా లోపలి గోడ వెంట జారి అదే మూల నుంచి బొట్టుగా పడతాయి.

ఎర్తువైరు:
సరే, విప్పి చూడమనే నేనూ అంటాను. స్విచ్చుతో సరిపెట్టకుండా మెయిన్ బోర్డు దగ్గరే సరఫరా ఆపి, ఎలక్ట్రీషియన్ సమక్షంలో మూత తీయించండి. నట్టు దగ్గర తెల్లటి గార చార కనిపించి, మోటారు పొడిగా ఉంటే మరమ్మతుకు నా అభ్యంతరం లేదు. ఇరుసు కింద గోధుమరంగు చార ఉంటే మాత్రం బేరం లేదు.

గోడచాటు:
మార్చే పక్షంలో అన్నీ ఒకే డబ్బాలో ఉండే రకం మళ్లీ ఎందుకు? పంపును ట్యాంకు దగ్గర విడిగా పెట్టి, గోడకు థర్మోస్టాట్ మిక్సర్ ఒక్కటే బిగిస్తే స్నానాల గదిలో కరెంటే ఉండదు, ఏది చెడితే అదే మార్చుకోవచ్చు. ఎర్తువైరు గారి భయానికి అసలైన జవాబు ఇదే. ఇబ్బందల్లా గోడ పగలగొట్టి కొత్త గొట్టాలు వేయాలి, తీసిన టైల్స్‌కు జోడు దొరకాలి.

తడిగోడ:
నిన్న మూత తీయించాము. వేన్నీళ్ల వైపు జాలీ ముప్పాతిక వంతు తెల్లటి పలుకులతో మూసుకుపోయి ఉంది. కడిగి బిగించి కొలిస్తే 94 సెకన్ల బకెట్టు 55 సెకన్లకు వచ్చింది. ఫ్లష్ గురించి పాతపానా గారి అనుమానం అక్షరాలా నిజమైంది. మా అబ్బాయి పక్క గదిలో ఫ్లష్ లాగగానే థర్మామీటరు 39 నుంచి 46కు ఎగబాకింది, కాబట్టి కార్ట్రిడ్జి కూడా తన పని తాను చేయడం లేదు. ఇక ఇరుసు కింద గోధుమరంగు చార ఉంది, బేరింగును వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడింది. మోటారూ పంపూ కలిపిన సెట్టు ఈ మోడల్‌కు ఇంకా దొరుకుతోంది గానీ, సీలు కూర్చునే ప్లాస్టిక్ గూటిలో వెంట్రుకవాసి పగులు కనిపించింది. అది చూశాక పాతపానా గారి పక్షం వహించే ధైర్యం నాకు లేకపోయింది.

పాతపానా:
గూడు పగిలితే నేను కూడా చేతులెత్తేస్తాను. ఒక్క మనవి. ఆ తెల్లటి పలుకులు మీ వేన్నీళ్ల ట్యాంకులో నుంచి వచ్చినవి. ట్యాంకును కడిగించకుండా, చన్నీళ్లకు విడి గొట్టం వేయించకుండా కొత్త డబ్బా బిగిస్తే, మొదటి రెండు ఇబ్బందులూ త్వరలోనే దానికీ వస్తాయి. మూత తీయకుండా చెప్పిన ఆ ప్లంబరు మాట చివరికి నెగ్గింది కానీ, ఆయన చెప్పినట్టు డబ్బా ఒక్కటే మార్చి ఉంటే మీరు ఏడాది తిరగకుండా మళ్లీ ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవారు.

ఎర్తువైరు:
ఈ ఒక్క విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొత్తది కొనేటప్పుడు అది ట్యాంకు నీళ్ల కోసం చేసిన రకమేనని రెండుసార్లు సరిచూసుకోండి, నేరుగా మెయిన్ పైపుకు తగిలించకూడదు. గోడచాటు గారి ఏర్పాటు మరింత మంచిదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

తడిగోడ:
టైల్స్‌కు జోడు దొరకలేదు, అందుకని డబ్బా రకమే తెప్పిస్తున్నాము. పాత గొట్టాల మధ్య దూరం కొలిచి, వాటికి సరిపడేదే ఎంచుకున్నాము. ట్యాంకు కడగడం ఈ వారంలో, విడి గొట్టం పని ఆదివారం. అంతవరకు మా నాన్నగారు బకెట్టుతోనే స్నానం చేస్తున్నారు. ఆ షవర్ కావాలని తానెప్పుడూ అడగలేదని ఈ ఉదయం కూడా గుర్తుచేశారు.