ఫిల్మ్ "పచ్చబడింది" అంటే ఏ పచ్చ?

ప్రశ్న: గామా కిరణాలకు గురైన పాలిమర్ ఫిల్మ్‌ల గురించి తెలుగులో రాస్తూ "ఫిల్మ్ పచ్చబడింది, శోషణ అంచు ఎరుపు వైపు జరిగింది" అన్నాను (శోషణ అంచు అంటే ఫిల్మ్ కాంతిని గట్టిగా మింగడం మొదలుపెట్టే తరంగదైర్ఘ్యం). పచ్చ అంటే పసుపా, ఆకుపచ్చా? అంచు ఎరుపు వైపు జరిగితే ఫిల్మ్ ఎర్రబడాలి కదా?

జవాబు: పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చని పైరులో పచ్చ ఆకు రంగు. మామూలు మాటల్లో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది, ప్రయోగ ఫలితాల్లో తెలియదు. పైగా ఇక్కడ రెండు రంగులూ నిజంగానే వస్తాయి. పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిపోయి, గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా జంటబంధాలు వరుసకడతాయి. ఆ వరుస పొడవయ్యేకొద్దీ ఫిల్మ్ పసుపెక్కి, తర్వాత గోధుమ రంగుకు పోతుంది. పాలికార్బొనేట్‌లో పసుపుతోపాటు ఆకుపచ్చ ఛాయ కూడా కనిపిస్తుంది. అందుకని మొదటిదానికి "పసుపెక్కింది", రెండోదానికి "ఆకుపచ్చ ఛాయ తేలింది" అనండి. రంగును అంకెల్లో చెప్పే CIELAB కొలతలో b* విలువ పెరిగితే పసుపు, a* విలువ సున్నా కిందికి దిగితే ఆకుపచ్చ. ఆ అంకెలు పక్కన ఉంటే తగువే లేదు.

ఇంకొకరు: "ఎరుపు వైపు" అన్నది వర్ణపటంలో దిక్కు మాత్రమే, ఫిల్మ్ రంగు కాదు. అంచు 280 నానోమీటర్ల నుంచి 310కి జరిగిందనుకోండి. నానోమీటర్లను కాంతి శక్తిలోకి మార్చడానికి 1240ని వాటితో భాగిస్తే, 4.43 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 4.0కి తగ్గినట్టు. రెండూ అతినీలలోహితంలోనివే, కంటికి ఫిల్మ్ మునుపటిలాగే ఉంటుంది. శోషణ తోక 400 దాటి ఊదా, నీలం కాంతుల్ని మింగడం మొదలుపెడితే మిగిలిన కాంతి పసుపుగా కనిపిస్తుంది. "పొడవు తరంగాల వైపు జరిగింది" అని రాస్తే ఈ చిక్కే రాదు.

అదే చేత్తో శోషణాన్నీ (పరికరం చూపే అంకె) శోషణ గుణకాన్నీ (ఒక్కో సెంటీమీటరు మందానికి లెక్క) కలిపేయకండి. గుణకం కావాలంటే పరికరం చూపిన శోషణాన్ని 2.303తో హెచ్చవేసి, సెంటీమీటర్లలో మందంతో భాగించాలి. 50 మైక్రాన్ల ఫిల్మ్‌లో శోషణం 0.5 ఉంటే గుణకం సెంటీమీటరుకు సుమారు 230. వక్రీభవన గుణకం 1.5 ఉన్న ఫిల్మ్ ఒక్కో ముఖం దగ్గర 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అందువల్ల ఫిల్మ్ ఏమీ మింగకపోయినా పరికరం 0.036 దాకా శోషణం చూపిస్తుంది, ముందు అది తీసేయాలి.

మరొకరు: కిరణాలు ఆపాక రంగు తగ్గితే "రంగు కోలుకుంది" అని చాలామంది రాస్తున్నారు, మనకు చక్కగా "వెలిసింది" ఉంది. పాలికార్బొనేట్‌లో చిక్కుకుపోయిన రాడికల్స్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణు ముక్కలు), పైనుంచి ఇంకే ఆక్సిజన్‌తో కలిసి ఖర్చయ్యేకొద్దీ రంగు వెలుస్తుంది. పలుచని ఫిల్మ్‌లో త్వరగా, మందపాటి పలకలో అంచుల నుంచి మెల్లగా లోపలికి. వేడిచేస్తే ఇంకా త్వరగా. కాబట్టి మోతాదు ఎన్ని కిలోగ్రేలో చెప్పినచోటే, కిరణాలు ఆపిన ఎన్ని గంటలకు కొలిచారో, అప్పటిదాకా ఫిల్మ్‌ను ఏ ఉష్ణోగ్రతలో ఉంచారో కూడా రాయండి.